జూన్ నెలలో విత్తనం, అదే నెలలో సర్టిఫికెట్

అనంతపురంలో టవర్ క్లాక్‌కి కాస్త ఇవతల, ఒక సందులో మా నెట్ సెంటర్ ఉంది. రెండు కంప్యూటర్లు, ప్రింటరు, జిరాక్స్ మిషను, వచ్చినవాళ్ళు కూర్చోవడానికి ఒక చెక్క బెంచీ. పధ్నాలుగేళ్ళుగా ఆ బెంచీ మీద కూర్చున్న పిల్లలకు కాలేజీ అప్లికేషన్లు నింపి పెడుతున్నాను. పాలిసెట్, ఈఏపీసెట్, నీట్, ట్రిపుల్ ఐటీ, స్కాలర్‌షిప్పు, ఏదైనా సరే. ఇన్నేళ్ళలో నాకు బాగా తెలిసొచ్చిన సంగతి ఒకటుంది. మా జిల్లా పిల్లలకు సీటు పోయేది పరీక్ష హాల్లోనే అనుకుంటాం. నేను చూసినవాళ్ళలో చాలామందికి హాల్లో బాగానే జరిగింది. సీటు పోయింది మాత్రం జూన్ నెలలో, ఆఫీసు మెట్ల మీద.

రెండేళ్ళ కిందట జూన్ నెలాఖరులో కళ్యాణదుర్గం వైపు నుంచి ఒక తండ్రీ కూతురూ వచ్చారు. అమ్మాయికి ఈఏపీసెట్‌లో మంచి ర్యాంకు. జేఎన్టీయూలో సీటు వస్తుందని ఆశపడదగ్గ ర్యాంకే. తండ్రి చేతిలో బట్టల షాపు కవరు, అందులో కాగితాలు. ఒక్కొక్కటే తీసి బెంచీ మీద పరిచాను. టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ముందు ఉంది. ఆధార్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరమై చివరికి పోయింది. లక్ష్మి అన్న పేరుకు ఇంగ్లీషులో చివర ఒకదాంట్లో ‘ఐ’, ఇంకోదాంట్లో ‘వై’. పుట్టిన తేదీలో నెల వేరు. కుల ధ్రువీకరణ పత్రం అమ్మాయి పేరిట అసలు లేనే లేదు, వాళ్ళ అన్నది పట్టుకొచ్చారు.

ఆధార్ మారితే తప్ప కుల పత్రం సరిగ్గా రాదు. కుల పత్రానికి వీఆర్వో, ఆర్ఐ, తహసీల్దారు, ముగ్గురి దగ్గరా కాగితం నడవాలి. వెరిఫికేషన్‌కు ఉన్నది వారం. నేను ఇదంతా చెబుతుంటే తండ్రి మౌనంగా విని, “సార్, రేపు మా ఊర్లో చెనక్కాయ విత్తనం ఇస్తారంట. వేలిముద్ర నాదే పడల్ల. ఇప్పుడు ఇదెట్ల చేసేది?” అన్నాడు.

ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు. మా జిల్లా బతుకు లెక్క మొత్తం ఆ ఒక్క ప్రశ్నలో ఉంది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లో వాన పడే నేల ఇది. వానకు నేల పదునైన రోజున విత్తనం పడాల్సిందే, మర్నాటికి ఆగదు. ఆ జూన్, జూలై నెలల్లోనే ఇంటర్ అడ్మిషన్లు, పాలిసెట్ కౌన్సెలింగ్, ఈఏపీసెట్ కౌన్సెలింగ్, ట్రిపుల్ ఐటీ దరఖాస్తులు, అన్నీ వచ్చి పడతాయి. రైతు చేతిలో ఏడాది మొత్తంలో డబ్బు అతి తక్కువగా ఉండే నెలలవి. తీరిక అస్సలు ఉండని నెలలు కూడా అవే. జీతం వచ్చే ఇంట్లో జూన్ అంటే సెలవు పెట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరగగలిగే నెల. సేద్యం చేసే ఇంట్లో అది తిండిగింజల నెల.

అందుకే అంటున్నాను, కాలేజీ గురించిన ఆలోచన హైస్కూల్లోనే, ఎనిమిదో తొమ్మిదో తరగతిలోనే మొదలవ్వాలి. పట్నంలో ఉద్యోగస్తుల ఇళ్ళల్లో ఇది ఎలాగూ జరుగుతుంది. ఎక్కువ అవసరం ఉన్నది పల్లెల్లో, చదువుకున్నవాళ్ళు లేని ఇళ్ళల్లో.

ఈ మాట అనగానే చాలామందికి గుర్తొచ్చేది ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ అని పిల్లల్ని పొద్దున ఆరింటికే స్కూలుకు తోలడం. నేను దానికి పూర్తిగా వ్యతిరేకిని. పన్నెండేళ్ళ పిల్లవాడికి ఆడుకునే సాయంత్రం ఉండాలి. నేను చెప్పే ముందుచూపు పెద్దవాళ్ళు చేయాల్సిన పని. పేర్లు సరిచూసుకోవడం, పత్రాలు తీసి పెట్టుకోవడం, ఏ పరీక్ష ఏ నెలలో ఉంటుందో తెలుసుకోవడం, మన పిల్లకు ఏది ఇష్టమో గమనించడం. దీంట్లో పిల్లల మీద పడే బరువేమీ లేదు.

నా సంగతి చెబుతాను. మాది శింగనమల వైపు పల్లె. 2007లో ఇంటర్ ఎంపీసీ పూర్తిచేసి ఎంసెట్ (ఇప్పటి ఈఏపీసెట్) రాశాను. ర్యాంకు బాగానే వచ్చింది. అప్పట్లో కౌన్సెలింగ్‌కు మనిషి స్వయంగా వెళ్ళాలి, ఏ ర్యాంకు వాళ్ళు ఏ రోజు రావాలో పేపర్లో వేసేవారు. నేను తొమ్మిదో తరగతి ఒక చిన్న ప్రైవేటు స్కూల్లో చదివాను. అది తర్వాత మూతపడింది. ఆ ఒక్క సంవత్సరానికి స్టడీ సర్టిఫికెట్ నా దగ్గర లేదు. స్కూలు నడిపిన పెద్దమనిషి ఊరు వదిలి వెళ్ళిపోయాడు. రికార్డులు ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసులో దొరకవచ్చని, దొరక్కపోతే తహసీల్దారు దగ్గర నివాస ధ్రువీకరణ అడగవచ్చని మాకు చెప్పినవాళ్ళు లేరు. నాన్న, నేను సైకిల్ మీద తిరిగాం. కాగితం చేతికొచ్చేసరికి నా ర్యాంకు పిలిచిన రోజు దాటిపోయింది. తర్వాత వెళితే నేననుకున్న సీటు లేదు. బీఎస్సీలో చేరాను. బీఎస్సీ చదివినందుకు నాకు ఏ చింతా లేదు, మంచి లెక్చరర్ల దగ్గర చదువుకున్నాను. కానీ ఆ జూన్‌లో నాన్న ముఖం చూశాను. తప్పు తనదే అనుకున్నాడు ఆయన. తనకు చదువు రాకపోవడం వల్లే కొడుకు సీటు పోయిందని చాలా ఏళ్ళు అనుకుంటూనే ఉన్నాడు. ఏ తండ్రికీ ఆ మాట అనుకోవాల్సిన అవసరం రాకూడదని నా కోరిక.

ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు ఎందుకు అడుగుతారో మా దగ్గరికొచ్చే తల్లిదండ్రుల్లో చాలామందికి తెలియదు. ఇది కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన పిల్లలకు ఎక్కువగా దెబ్బ తగిలేది ఇక్కడే. రాజ్యాంగంలోని 371డి అధికరణం కింద 1974లో రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. దాని ప్రకారం రాష్ట్రంలోని విశ్వవిద్యాలయాల ప్రాంతాలను బట్టి 85 శాతం సీట్లు స్థానికులకు కేటాయిస్తారు. అనంతపురం, కర్నూలు, కడప, చిత్తూరు, నెల్లూరు పాత జిల్లాలు ఎస్వీయూ, అంటే శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, ప్రాంతం. మిగతా 15 శాతంలో అందరూ పోటీ పడతారు. స్థానికుడంటే ఎవరు? అర్హత పరీక్షతో ముగిసే నాలుగు వరుస సంవత్సరాలు ఆ ప్రాంతంలో చదివినవాడు. ఇంటర్ అర్హత అయితే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్ళు. అలా కుదరనివాళ్ళు చివరి ఏడేళ్ళూ రాష్ట్రంలోనే చదివి ఉంటే, ఎక్కువ ఏళ్ళు ఎక్కడ చదివారో ఆ ప్రాంతం వాళ్ళవుతారు. ఆరు నుంచి ఇంటర్ రెండో ఏడు దాకా లెక్కపెట్టండి, సరిగ్గా ఏడు సంవత్సరాలు. అందుకే ఆరో తరగతి నుంచి అడుగుతారు.

ఇప్పుడు మన జిల్లా సంగతి చూడండి. పంట పోతే బెంగళూరు. భవనాల పనికి, అపార్టుమెంట్లలో కాపలాకి కుటుంబాలు కుటుంబాలే పోతాయి. పిల్లల్ని ఊర్లో అవ్వ దగ్గర వదల్లేక వెంట తీసుకుపోతారు. తొమ్మిదో తరగతి అక్కడ చదివించి, పదికి మళ్ళీ ఇక్కడికి తెస్తారు. ఆ ఒక్క సంవత్సరంతో నాలుగేళ్ళ వరుస తెగిపోతుంది. ఏడేళ్ళూ రాష్ట్రంలోనే చదివిన లెక్కా కుదరదు. పుట్టింది గుమ్మగట్టలో, పెరిగింది గుమ్మగట్టలో, సీటు దగ్గర మాత్రం స్థానికేతరుడు. ఇంటర్‌కు విజయవాడ పంపినవాళ్ళకు ఈ ఇబ్బంది సాధారణంగా రాదు, ఎందుకంటే ఆరు నుంచి పది దాకా అయిదేళ్ళు ఇక్కడే ఉన్నాయి. బెంగళూరుకో బళ్ళారికో పోయినవాళ్ళకే వస్తుంది. కూలి కోసం వలస పోయేవాళ్ళను పోవద్దని చెప్పే హక్కు నాకు లేదు. కానీ ఎనిమిదో తరగతిలోనే ఈ సంగతి తెలిస్తే కొందరైనా పిల్లను హాస్టల్లో వేస్తారు, కస్తూర్బా విద్యాలయంలో అడుగుతారు, లేదా పిన్ని ఇంట్లో ఉంచుతారు. ఇంటర్ అయిపోయాక తెలిస్తే చేయగలిగింది ఏముంది?

పేర్ల విషయం కూడా ఇంతే. టెన్త్ మెమో మీద పడిన పేరే జీవితాంతం. ఆ పేరు స్కూలు వాళ్ళు పంపే నామినల్ రోల్స్, అంటే పరీక్ష రాసే పిల్లల జాబితా, నుంచి వస్తుంది. అవి పదో తరగతి మధ్యలోనే వెళ్ళిపోతాయి. అంతకంటే ముందు, తొమ్మిదిలో ఉండగా, స్కూలు అడ్మిషన్ రిజిస్టరు, ఆధార్, రెండూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూసుకుంటే హెడ్మాస్టరు దగ్గరే పని అయిపోతుంది. మెమో అచ్చయ్యాక అదే తప్పు దిద్దాలంటే హెడ్మాస్టరు, డీఈఓ, ప్రభుత్వ పరీక్షల విభాగం అంటూ నెలలు పడుతుంది.

కేంద్ర సంస్థలకు వెళ్ళాలనుకునే బీసీ పిల్లల తల్లిదండ్రులకు ఇంకొక మాట. మన తహసీల్దారు ఇచ్చే బీసీ పత్రం రాష్ట్రంలో చెల్లుతుంది. ఐఐటీ, ఎన్ఐటీ సీట్ల దగ్గర ఓబీసీ నాన్ క్రీమీలేయర్ (బీసీల్లో సంపన్న వర్గం కాదని) అని కేంద్రం నమూనాలో వేరే పత్రం కావాలి. అది ఆ ఏడాది ఏప్రిల్ 1 తర్వాత తీసుకున్నదై ఉండాలి. వేరే రిజర్వేషన్ లేని కులాల్లోని పేదలకిచ్చే ఈడబ్ల్యూఎస్ పత్రానికీ ఇదే తేదీ పట్టింపు. ఏప్రిల్ మొదటి వారంలో ఆఫీసులు ఖాళీగా ఉంటాయి. జూన్‌లో అదే పత్రానికి వంద మంది నిలబడతారు.

ఇక తేదీలు. జంతులూరులో, బుక్కరాయసముద్రం మండలంలో, కేంద్రీయ విశ్వవిద్యాలయం ఉంది. 2018లో మొదలైంది. మా సెంటర్ నుంచి ఆటోలో పోవచ్చు. దాంట్లో డిగ్రీ చేరాలంటే సీయూఈటీ రాయాలి. ఆ దరఖాస్తు గడువు ఇంటర్ పరీక్షల హడావుడిలోనో, అంతకు ముందో ముగిసిపోతుంది. ఏటా మే నెలలో కనీసం కొందరు పిల్లలు వచ్చి, “అన్నా, సెంట్రల్ యూనివర్సిటీకి అప్లై చేయల్ల” అంటారు. మూసేశారని చెప్పడానికి నాకు నోరు రాదు. ఊరి పక్కన కట్టిన విశ్వవిద్యాలయానికి దేశం నలుమూలల నుంచి పిల్లలు వస్తున్నారు. ఆ పొలిమేరలోని పిల్లకు మాత్రం గడువు తేదీ తెలియదు. లా చదవాలనుకునేవాళ్ళకు క్లాట్ పరీక్ష ఇంటర్ రెండో ఏడు డిసెంబర్‌లోనే జరిగిపోతుంది. విశాఖలో, హైదరాబాద్‌లో ఉన్న జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాలకు దారి అదే. తిరుపతిలో 2015 నుంచి ఐసర్ అనే కేంద్ర సైన్సు విద్యా సంస్థ ఉంది, సైన్సు మీద ప్రేమ ఉన్న పిల్లలకు మంచి చోటు. దానికి వేరే ఆప్టిట్యూడ్ టెస్టు ఉంటుంది. ఇవన్నీ ఇంటర్ రిజల్ట్స్ వచ్చాక విని బాధపడే పేర్లు కాకూడదు.

ట్రిపుల్ ఐటీ సంగతి ఇంకా ముందుంటుంది. ఇడుపులపాయలోని ఆర్కే వ్యాలీ, నూజివీడు, శ్రీకాకుళం, ఒంగోలు క్యాంపస్‌లలో ఆరేళ్ళ చదువు, రెండేళ్ళు పీయూసీ (ఇంటర్‌తో సమానం), నాలుగేళ్ళు బీటెక్. సీటు వచ్చేది పదో తరగతి మార్కుల మీద. ప్రభుత్వ బడి పిల్లలకు 4 శాతం అదనంగా కలుపుతారు. అంటే జిల్లా పరిషత్ హైస్కూల్లో చదివే పిల్లకు బీటెక్ సీటు పదహారేళ్ళకే, టెన్త్ పరీక్షల్లోనే తేలిపోవచ్చు. ఈ సంగతి తొమ్మిదో తరగతి మొదట్లో తెలిసిన పిల్లకు, పది రాసేశాక తెలిసిన పిల్లకు ఎంత తేడా ఉంటుందో నేను కళ్ళారా చూశాను. పైగా మంచి మార్కులున్నా, ఆ 4 శాతం సంగతి తెలియక, చిన్న ప్రైవేటు స్కూలు మేలనుకుని ఎనిమిదిలో మార్పించినవాళ్ళను కూడా చూశాను.

గ్రూపు ఎంపిక గురించి ఎక్కువ చెప్పను. పక్కింటి అబ్బాయి ఎంపీసీ తీసుకున్నాడని తీసుకోవద్దు, అంతే. కానీ రైతు బిడ్డలకు ఒక్కటి చెప్పాలి. అగ్రికల్చర్ బీఎస్సీకి బైపీసీ కావాలి. ఆచార్య ఎన్జీ రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయంలో రైతుల పిల్లలకు ప్రత్యేక కోటా ఉంది. దానికి భూమి కాగితాలతో పాటు పల్లెల్లో చదివిన ఏళ్ళ లెక్క కూడా అడుగుతారు. ఒకటో తరగతి నుంచే టౌను స్కూల్లో వేసినవాళ్ళకు ఈ తలుపు మూసుకుపోవచ్చు. మహానందిలో వ్యవసాయ కళాశాల ఉందని, అక్కడికి మన పిల్లలు వెళ్ళవచ్చని చేను దున్నే ఇళ్ళల్లో తెలియకపోతే ఇంకెవరికి తెలియాలి?

మా మేనత్త కొడుకు హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఈ విషయం మీద మేమిద్దరం చాలాసార్లు వాదించుకున్నాం. “తొమ్మిదో తరగతి పిల్లల ముందు కాలేజీ మాటలెందుకు బావా, ఉన్న టెన్షన్ చాలదా?” అంటాడు. ఆయన భయం నాకు అర్థమవుతుంది. ఇంటర్ ఫలితాలొచ్చిన వారంలో ప్రతి ఏడాదీ వినకూడని వార్తలు వింటున్నాం. ఒక్క సబ్జెక్టు పోతే అంతా అయిపోయిందనుకునే పిల్లలున్నారు. కానీ టెన్షన్ ఎక్కడి నుంచి వస్తుంది? ఒక్కటే దారి ఉందని, అది మూసుకుపోతే ఇంకేం లేదని అనుకున్నప్పుడు వస్తుంది. సప్లిమెంటరీ అదే వేసవిలో ఉంటుంది, ఏడాది పోదు అని ముందే తెలిసిన పిల్ల వేరేలా నిద్రపోతుంది. పాలిటెక్నిక్ చేసి ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో ఏడులో చేరవచ్చని తెలిసిన పిల్లవాడు ఒక్క ర్యాంకు కోసం కుంగిపోడు. నాలుగు దారులు చూపించడం బరువు పెట్టడం అనిపించుకోదు. ఇదే మాట మా బావతో అన్నాను. ఒప్పుకోలేదు గానీ, “సరే, పిల్లలతో వద్దు, మా బడికొచ్చి తల్లిదండ్రులతో మాట్లాడు” అన్నాడు.

పోయిన నవంబర్‌లో ఒక శనివారం వెళ్ళాను. తొమ్మిదో తరగతి పిల్లల తల్లిదండ్రులు, బడి వరండాలో చాపల మీద కూర్చున్నారు. ఎక్కువమంది తల్లులే. ఆధార్ కార్డులు తెచ్చుకోమని ముందే చెప్పాం. హెడ్మాస్టరు గారు అడ్మిషన్ రిజిస్టరు తెప్పించారు. ఒక్కొక్క పిల్ల పేరూ నేను చదవడం, ఆ తల్లి కార్డు చూపించడం. పేరు, పుట్టిన తేదీ, తండ్రి పేరు మూడూ కలిసినవాళ్ళు తక్కువే. ఒకమ్మ రెండు చేతులతో కార్డు పట్టుకుని నా ఎదురుగా నిలబడింది. కూతురి పేరు కార్డులో ఒక అక్షరం తక్కువ పడింది. “నాకు చదివేది రాదు నాయనా, తప్పని నాకెట్ల తెలుస్తాది?” అంది. ఆమె వెనకాల కూతురు నిలబడి, తన పేరును తానే వేలితో చూపిస్తూ సరైన స్పెల్లింగు చెప్పింది. రిజిస్టరులో హెడ్మాస్టరు గారు పెన్సిల్‌తో గుర్తు పెట్టుకున్నారు. మొత్తం రెండు గంటల పని. టీలు తాగి అందరూ పొలాలకు వెళ్ళిపోయారు.

ఇలాంటి రెండు గంటలు ప్రతి హైస్కూల్లో, ప్రతి ఏడాదీ పెట్టవచ్చు. కొత్త పథకం అక్కర్లేదు. స్కూళ్ళల్లో తల్లిదండ్రుల సమావేశాలు ఎలాగూ జరుగుతున్నాయి, దాంట్లో ఒకటి దీనికి కేటాయిస్తే చాలు. ఊరి సచివాలయం నుంచి ఒకరు వచ్చి కూర్చుంటే కుల పత్రం దరఖాస్తులు అక్కడే తీసుకోవచ్చు. చదువుకున్న పిల్లలు ఊరికొకరైనా ఉన్నారు, ఇంజనీరింగ్ చదివేవాళ్ళు, డిగ్రీ చదివేవాళ్ళు. సంక్రాంతికి ఇంటికొచ్చినప్పుడు ఊరి తొమ్మిదో తరగతి పిల్లలతో ఒక సాయంత్రం కూర్చుని, తాము ఎలా చేరారో, ఏ కాగితం దగ్గర ఇబ్బంది పడ్డారో చెబితే ఎంత మేలు!

కళ్యాణదుర్గం అమ్మాయి సంగతి చెప్పలేదు కదా. ఆ వారంలో తండ్రి విత్తనానికి వెళ్ళాడు, మేనమామ ఆఫీసులకు తిరిగాడు. మొదటి విడత దాటిపోయింది. రెండో విడతలో సీటు వచ్చింది, జేఎన్టీయూలో కాదు, ఒక ప్రైవేటు కాలేజీలో. కౌన్సెలింగ్‌లో వచ్చిన కన్వీనర్ కోటా సీటు కాబట్టి ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది. ఇప్పుడు మూడో ఏడు చదువుతోంది.

మొన్న సంక్రాంతి దాటిన వారంలో ఆమె తండ్రి మళ్ళీ మా సెంటర్‌కు వచ్చాడు, ఒక్కడే. ఈసారి కవరు లేదు, గుండీ ఉన్న ప్లాస్టిక్ ఫైలు తెచ్చాడు. చిన్నోడు తొమ్మిదో తరగతి. ఆధార్ జిరాక్స్, స్కూల్లో రాయించుకొచ్చిన పేరు, పుట్టిన తేదీ కాగితం, ఆరో తరగతి నుంచి ఎనిమిది దాకా స్టడీ సర్టిఫికెట్లు, వాడి పేరిట కుల పత్రం. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూశాను. అన్నీ కలిశాయి, తండ్రి పేరులో ఒక ‘హెచ్’ తప్ప. ఆధార్ సెంటర్‌లో ఏం అడగాలో ఒక చీటీ మీద రాసిచ్చాను.

“ఇంకా అయిదు నెలలుంది కదా సార్ జూన్‌కు?” అన్నాడు చీటీ మడిచి ఫైల్లో పెట్టుకుంటూ.

“చిన్నోడికైతే ఇంకా చాలా టైముంది” అన్నాను.

బస్సు టైమైందని లేచాడు.